పుదీనాకు వ్యామ్ వేసినా ఫలితం లేదేం?

ప్రశ్న: మాది మొయినాబాద్ మండలం, ఎర్ర చల్క నేల. 20 గుంటల్లో పుదీనా ఉంది. వ్యామ్ (వేళ్లలో చేరి మొక్కకు భాస్వరం అందించే మేలు శిలీంధ్రం) పొడిని బెల్లం నీళ్లలో మూడు రోజులు నానబెట్టి డ్రిప్పులో వదిలాను. కోతకు అర బస్తా డీఏపీ కూడా వేస్తున్నా. తేడా ఏమీ కనబడలేదు. మందు నకిలీదా?

జవాబు: మందును అనుమానించే ముందు బెల్లం నీళ్ల సంగతి చూద్దాం. ట్రైకోడెర్మా అనే మరో మేలు శిలీంధ్రాన్ని మాగిన పశువుల ఎరువులో, వేపపిండిలో పెంచుకోవచ్చు. వ్యామ్ అలా పెరగదు. బతికున్న వేరు దొరికితేనే దానికి తిండి. మూడు రోజులు నానబెట్టినా డ్రమ్ములో అది పెరిగి ఉండదు. పొడి డ్రిప్పు రంధ్రాల్లో ఇరుక్కునే ప్రమాదం వేరే.

అసలు దెబ్బ డీఏపీ దగ్గర పడింది. 50 కిలోల బస్తాలో భాస్వరం 23 కిలోలు. నాలుగు కోతలకు రెండు బస్తాలంటే అర ఎకరంలో 46 కిలోలు పోసినట్టే. వేరు తన చుట్టూ ఉన్న కొద్దిపాటి మట్టిలోని భాస్వరాన్ని త్వరగా తాగేస్తుంది. వ్యామ్ పోగులు ఇంకా కొన్ని సెంటీమీటర్ల దూరం పాకి భాస్వరం, జింకు తెచ్చిస్తాయి, బదులుగా మొక్క చక్కెర ఇస్తుంది. అడక్కుండానే భాస్వరం దొరుకుతుంటే మొక్క ఈ బేరమే పెట్టుకోదు. ముందు భూసార పరీక్ష చేయించండి. భాస్వరం ఎక్కువని తేలితే డీఏపీ మానేయండి. కోత తర్వాత కాస్త యూరియా, మాగిన పశువుల ఎరువు చాలు.

ఈసారి కోత కాగానే సాళ్ల పక్కన కొడవలి మొనతో సన్నగా గీత గీసి, పొడిని వేళ్లకు తగిలేలా చల్లి, మట్టి కప్పి తడి ఇవ్వండి. మోతాదు పాకెట్టు మీద ఉన్నదే. కొత్తగా నాటేటప్పుడైతే కాడల కిందే వేయండి, అదే అన్నిటికన్నా మేలు. తులసి పెంచాలనుకుంటే నారు ట్రేలోనే కలపండి. కార్బెండజిమ్ లాంటి శిలీంధ్రాలను చంపే మందులు అదే సమయంలో మొదళ్లలో పోయవద్దు.

రెండు మడులు వ్యామ్ లేకుండా వదిలి, మిగతా సేద్యం ఒకేలా చేయండి. కోసినప్పుడు కట్టలు లెక్కబెడితే మీకే తెలుస్తుంది. తేడా రావడానికి కనీసం నెల పడుతుంది, వారానికే నిరాశపడొద్దు. ఇంకోమాట: ఆ మడిలో అంతకుముందు క్యాబేజీ, కాలీఫ్లవర్ వేశారా? వాటి వేళ్లతో వ్యామ్‌కు పొత్తు కుదరదు, నేలలో సహజంగా ఉన్నదీ తగ్గిపోతుంది. వాటి తర్వాత ఒక పంట జొన్నో మొక్కజొన్నో వేసి పుదీనాకు రండి. సుగంధ మొక్కల సాగుపై ఇంకా అడగాలంటే హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ) కేంద్రం ఉంది.