లాయర్, మేయర్, మా మావయ్య కోళ్లు

"లా చదివితే కోర్టుల చుట్టూ తిరగడమేనా, వేరే దారి ఉందా? లాయర్‌గా మొదలై పెద్ద పదవులకు వెళ్లినవాళ్లు ఉన్నారా?" అని అడిగారు. గాంధీ, నెహ్రూ, అంబేడ్కర్ పేర్లు ఎవరైనా చెప్తారు. నేను రాన్ కిర్క్ అనే అమెరికా లాయర్ గురించి చెప్తాను. ఆయన పోయి పోయి మా మావయ్య కోళ్ల మీద పడ్డాడు కాబట్టి.

1998లో వైటూకే పని మీద (2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీ తప్పు లెక్కేస్తాయని ప్రోగ్రాములు సరిచేసే పని) అమెరికాలోని డాలస్ వెళ్లాను. ఇర్వింగ్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురం, ఒక్క కుక్కర్. ఆఫీసు డాలస్ డౌన్‌టౌన్‌లో. అప్పుడు డాలస్ మేయర్ కిర్క్. టెక్సస్ యూనివర్సిటీలో 1979లో లా పూర్తిచేసిన లాయర్. 1995లో గెలిచి ఆ నగరానికి తొలి నల్లజాతి మేయర్ అయ్యాడు, 1999లో మళ్లీ గెలిచాడు. మాకు ఓటు లేదు, ఇర్వింగ్ అసలు వేరే ఊరు. అయినా లంచ్ టైములో ఆఫీసులో వాళ్లంతా ఆయన గురించే మాట్లాడుకుంటుంటే మనకీ ఆయనే మేయర్ అనిపించేది.

అక్కడ నాకు విడ్డూరంగా అనిపించింది ఒకటుంది. డాలస్ మేయర్‌కి పెద్ద అధికారాలేవీ ఉండవు. కౌన్సిల్‌లో పదిహేను మంది, అందులో ఆయనదీ ఒక ఓటే. పాలన అంతా జీతానికి పెట్టుకున్న సిటీ మేనేజర్ చేతిలో ఉంటుంది. (మన హైదరాబాద్‌లో మేయర్ రిబ్బన్లు కత్తిరిస్తే కమిషనర్ ఫైళ్లు చూసుకున్నట్టే. మనవాళ్లు ఇదేదో మనకొక్కరికే పట్టిన ఖర్మ అనుకుంటారు.) పైగా 2001 దాకా అక్కడి మేయర్‌కి మీటింగ్‌కి యాభై డాలర్లే ఇచ్చేవాళ్లు. ఆ డబ్బుతో ఇల్లు గడవాలంటే వేరే ఆదాయం ఉండి తీరాలి. కిర్క్ ఒక పెద్ద లా ఫర్మ్‌లో పార్ట్‌నర్. మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. లాయర్లు రాజకీయాల్లోకి ఎక్కువగా రావడానికి తెలివి ఒక్కటే కారణం కాదండీ, ప్రాక్టీసు పక్కన పెట్టి మళ్లీ అందుకోగలరు. మాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు రెండేళ్లు గ్యాప్ తీసుకుంటే రెజ్యూమే చూసేవాడు ఉండడు.

చేతిలో ఒక్క ఓటు పెట్టుకునే బాస్కెట్‌బాల్, ఐస్ హాకీ జట్ల కోసం కొత్త స్టేడియం కట్టించాడు. ఊరి వాటా 12.5 కోట్ల డాలర్లు. 1998 జనవరిలో జనం ఓటుకు పెడితే అతికష్టం మీద గట్టెక్కింది. అంతమందిని ఒప్పించడమే ఆయన అసలు వృత్తి అని నా నమ్మకం, లా దానికి ట్రైనింగ్. 2002లో సెనేట్‌కి పోటీ చేసి జాన్ కార్నిన్ చేతిలో ఓడి మళ్లీ ప్రాక్టీసుకి వెళ్లిపోయాడు. ఇక అయిపోయిందనుకున్నాను. 2009లో ఒబామా ఆయన్ని అమెరికా వాణిజ్య ప్రతినిధిని చేశాడు. దేశాలతో వ్యాపార ఒప్పందాలు మాట్లాడేదీ, కుదరకపోతే కేసులు వేసేదీ ఆ కుర్చీయే.

2012 మార్చిలో సెలవు మీద అనపర్తి వచ్చాను. మావయ్యది లేయర్ ఫారం, అంటే గుడ్లు పెట్టే కోళ్లది. పొద్దున్నే షెడ్డు బయట నవారు మంచం మీద పేపర్ పట్టుకుని కూర్చున్నాడు. లోపల వేల కోళ్ల గోల, మేత దుమ్ము, అట్టల్లో సర్దిన గుడ్లు.

"ఏరా, ఈ కిర్కు ఎవడ్రా? అమెరికా కోడి కాళ్లు మనం కొనాలని కేసు వేశాడంట!"

"మా మేయరే మావయ్యా" అన్నాను గొప్పగా. నోరు జారింది.

విషయం ఇదీ. అమెరికన్లకు కోడిలో ఛాతీ ముక్క ఇష్టం, కాళ్లు మిగిలిపోతాయి. మనకేమో లెగ్ పీస్ ప్రాణం. బర్డ్ ఫ్లూ పేరుతో మనవాళ్లు అమెరికా కోడిని రానివ్వలేదు. దానికి సైన్సు ఆధారం లేదంటూ కిర్క్ ఆఫీసు ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కింది. "నీది గుడ్ల ఫారం కదా, నీకేం?" అన్నాను. మావయ్య నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. బ్రాయిలర్ రేటు పడిపోతే, గుడ్లు మానేసిన ముసలి కోడిని ఎవడు కొంటాడు? ఆ డబ్బుతోనే కదా కొత్త బ్యాచ్ పిల్లలొచ్చేది!

చివరికి ఒక మాటన్నాడు: "లేయర్‌కి మేత పెడితే గుడ్డన్నా పెడుతుంది. లాయర్‌కి పెడితే వాయిదా పెడతాడు."

వాయిదాలు పడ్డాయి కూడా. కిర్క్ 2013లో పదవి వదిలేసి మళ్లీ లా ఫర్మ్‌కే వెళ్లిపోయాడు. కేసులో మనం 2015లో అప్పీల్‌లోనూ ఓడిపోయాం. అయినా లెగ్ పీసుల వరద రాలేదు, మన దిగుమతి సుంకం 100 శాతం మరి. ఆయన హయాంలో 2011లో కొరియా, కొలంబియా, పనామా ఒప్పందాలు అమెరికన్ కాంగ్రెస్‌లో పాసయ్యాయి, వాటి గురించి అనపర్తిలో ఎవరికీ పట్టలేదు.

కాబట్టి లా చదవండి. ఇంజనీరింగ్ సీటు రానివాళ్లకే లా అనే మన పెద్దల మాట మాత్రం పట్టించుకోకండి. మా ఇంట్లో ఆ మాట అన్నది కూడా మావయ్యే.

ఆ కోళ్ల గొడవ 2023 సెప్టెంబర్‌లో రాజీతో ముగిసింది. మనం టర్కీ కోడి, బాతు మాంసం, బ్లూబెర్రీల మీద సుంకం తగ్గించాం. ఫోన్ చేసి చెప్తే మావయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "టర్కీ కోడి అనపర్తిలో ఎవడు తింటాడ్రా?" అని ఫోన్ పెట్టేశాడు.