ఫోన్‌లో తీసిన రా ఫోటో ఎందుకు చప్పగా ఉంటుంది?

రా మోడ్‌లో, అంటే ముడి రూపంలో, తీసిన ఫోటో మామూలు జేపెగ్ కన్నా చప్పగా కనిపించడం కెమెరా లోపం కాదు, ఫోన్ దానికి ఇంకా మెరుగులు దిద్దలేదు, అంతే.

జేపెగ్ అయితే బటన్ నొక్కిన క్షణంలోనే ఫోన్ కొన్ని ఫ్రేములు కలుపుతుంది, నాయిస్ (గరుకుగా కనిపించే చుక్కలు) తుడుస్తుంది, రంగులు పెంచుతుంది. ఆపై అక్కర్లేదనుకున్న సమాచారాన్ని పారేసి ఫైలును కుదిస్తుంది. రాలో మాత్రం సెన్సర్ పట్టిన వెలుగు దాదాపు ఉన్నదున్నట్టు డీఎన్‌జీ అనే రా ఫైల్లోకి వస్తుంది. 8 బిట్ల జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 ఛాయల మెట్లే, 12 బిట్ల రాలో 4096. ఎడిటింగ్‌కు చోటు దొరికేది అక్కడే.

కిటికీ పక్కన కూర్చున్న అమ్మమ్మను తీశారనుకోండి. బయట ఆకాశం వెలిగిపోతోంది, ముఖం నీడలో ఉంది. లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ యాప్‌లో షాడోస్ (నీడ భాగాల వెలుగు) బాగా పెంచితే జేపెగ్‌లో చెంపలు మచ్చలు మచ్చలుగా తేలతాయి. రాలో ముడతలు, ముక్కుపుడక మెరుపు కూడా బయటికొస్తాయి. అయితే ఆకాశం పూర్తిగా తెల్లబోయి ఉంటే రా కూడా దాన్ని వెనక్కి తేలేదు. అందుకే ఎక్స్‌పోజర్ (ఫోటోలో పడే వెలుగు) కాస్త తగ్గించి తీయాలి.

చాలామంది రా అంటేనే మంచి ఫోటో అనుకుంటారు. ఎడిట్ చేసే ఓపిక లేకపోతే జేపెగ్గే మేలు. రాత్రిపూట ఒక్క ఫ్రేమ్ రా కన్నా, ఫ్రేములు కలిపిన జేపెగ్గే తరచూ శుభ్రంగా ఉంటుంది. ఐఫోన్‌లోని ప్రోరా అనే రా ఫార్మాట్ సంగతి వేరు, అందులో ఆ కలిపే పని ముందే అయిపోతుంది. ఇక జేపెగ్‌ను డీఎన్‌జీగా మార్చినంత మాత్రాన పోయిన సమాచారం తిరిగి రాదు.