పులికా, పేదవారికా: విరాళం ఎవరికి?

ప్రశ్న: నేను ప్రతి నెలా జీతంలో కొంత సొమ్ము వన్యప్రాణి సంరక్షణ సంస్థ ఒకదానికి పంపుతాను. ఏడాదికోసారి బీరువా సర్ది, వాడని బట్టలను సేకరణ కేంద్రానికి ఇస్తాను. “మనుషులకే దిక్కు లేదు, పులులకు డబ్బు దేనికి?” అని మా మరిది వాదిస్తున్నారు. “విడిచిన బట్టలు పరాయివాళ్లకు ఇవ్వకూడదు, అది దానం కాదు” అని మా అత్తయ్య అభ్యంతరం చెబుతున్నారు. మీరూ ఈ రెండింటికీ సాయం చేస్తానని గతంలో ఈ శీర్షికలో రాశారు. మీ సొంత కారణాలు తెలుసుకోవాలని ఉంది.
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ముందుగా మీ అత్తయ్య గారి మాట చూద్దాం, ఎందుకంటే ఆమె అభ్యంతరం మీ మరిది వాదన కంటే పాతది, లోతైనది కూడా. విడిచిన బట్టకు మైల అంటుతుందన్న భావన మన ఇళ్లలో ఉన్నమాట నిజమే. కానీ అవే ఇళ్లలో పుట్టిన బిడ్డను పొత్తిళ్లలో చుట్టడానికి ఏరి కోరి తీసేది ఎన్నో ఉతుకులు చూసి మెత్తబడిన పాత నేత చీరనే. అక్క పరికిణీ చెల్లెలికి, అన్న చొక్కా తమ్ముడికి రావడంలో మనకు ఏనాడూ తప్పు కనిపించలేదు. కాబట్టి ఇబ్బంది పాత బట్టతో కాదు, అది ఇచ్చే తీరుతో. చిరిగినవి, మరకలు పడినవి, గుండీలు ఊడినవి మూటగట్టి “పేదవాళ్లకు పనికొస్తాయిలే” అని ఇచ్చే వారిని ఉద్దేశించి అయితే మీ అత్తయ్య గారు అన్న మాట అక్షరాలా నిజం. అది దానం కాదు, ఇల్లు ఊడ్చుకోవడం.

నా కారణం మా అమ్మ బీరువా. అమ్మ పోయిన తరువాత ఆమె పట్టుచీరలను జ్ఞాపకంగా దాచుకున్నాం, ఎవరమూ కట్టుకోలేదు. కొంతకాలానికి తీసి చూస్తే జరీ నల్లబడింది, మడతలు పడిన చోటల్లా పట్టు గీత గీసినట్టు చీలిపోయింది. నేత చీరలు మాత్రం ఇంకా గట్టిగానే ఉన్నాయి. దాచుకోవడం కంటే కట్టించడమే వాటికి మర్యాద అని అప్పుడు అనిపించింది. రెండు మాత్రం ఉంచుకొని, మిగిలిన వాటిని ఉతికి, ఊడిన ఫాల్స్ కుట్టి, జాకెట్లకు హుక్కులు వేసి ఇచ్చాను.

ఎవరికి ఇవ్వాలన్న విషయంలో నాకు నచ్చిన పద్ధతి గూంజ్ సంస్థది. 1999లో అంశు గుప్తా ఢిల్లీలో ప్రారంభించిన ఈ సంస్థ, నగరాల్లో సేకరించిన బట్టలను పల్లెల్లో ఊరికే పంచిపెట్టదు. చెరువు పూడిక తీయడం, బావి తవ్వుకోవడం, దారి వేసుకోవడం వంటి పనిని ఊరివాళ్లే ఎంచుకొని పూర్తి చేస్తే, ఆ శ్రమకు ప్రతిఫలంగా బట్టలు ఇస్తుంది. పుచ్చుకునే చేయి కింద ఉండనక్కరలేని ఏర్పాటు ఇది. కట్టుకోవడానికి పనికిరాని పాత నూలు చీరలు, దుప్పట్లతో ఆడవారికి నెలసరి గుడ్డలు తయారు చేయిస్తుంది. అంశు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఇంతమాత్రాన పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే అమ్మను గడప దగ్గర నుంచి తిప్పి పంపమని నేను అనను. ఆమె తీసుకువెళ్లిన చీర కూడా చివరికి ఏ జుమ్మేరాత్ బజార్‌కో చేరి, కొత్తది కొనలేని వారి ఒంటి మీదికే వెళుతుంది, మధ్యలో ఆమెకూ నాలుగు రూపాయలు మిగులుతాయి.

ఇక మీ మరిది గారి ప్రశ్న. మనుషులు ముందా, జంతువులు ముందా అని అడగడం కూర్చొని మాట్లాడుకోవడానికి బాగుంటుంది కానీ, అడవి అంచున ఉన్న ఊళ్లలో ఆ రెండూ విడివిడిగా ఉండవు. కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లానే తీసుకోండి. మహారాష్ట్రలోని తడోబా పులుల అభయారణ్యం వైపు నుంచి పులులు తెలంగాణలోని కవ్వాల్ అడవుల వైపు వచ్చే దారి అది. ఆ దారి పొడవునా పత్తి చేలు ఉన్నాయి. 2020 నవంబరులోనూ, 2024 నవంబరులోనూ అక్కడి చేలలో పత్తి పనికి వెళ్లిన యువతులు పులి దాడిలో ప్రాణాలు కోల్పోయారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రెండు పులులు చనిపోయాయి. విషం పూసిన పశువు కళేబరం తిన్నందువల్లేనని అధికారులు చెప్పారు. రాత్రికి రాత్రి పంటను దున్నేసే అడవి పందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగ పెడితే, దానికి పులి బలవుతుంది, ఎద్దు బలవుతుంది, తెల్లవారుజామున చేనుకు వెళ్లిన మనిషీ బలవుతాడు. పశువు పోయిన రైతుకు పరిహారం వెంటనే చేతికి అందితే విషం పూయాలన్న ఆలోచన రాదు. అందువల్ల నేను సొమ్ము పంపేటప్పుడు, పులి ఫొటో ఎంత బాగుందని కాకుండా, అంచు ఊళ్లలో ఆ సంస్థ ఏమి చేస్తోందని చూస్తాను.

హైదరాబాద్‌లో ఉన్న మనకు దీనితో సంబంధం లేదనుకోవడానికీ వీలులేదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోని వాగులు కృష్ణలో కలుస్తాయి, ఆ కృష్ణ నీరే నాగార్జునసాగర్ నుంచి నగరంలోని ఎన్నో కుళాయిలకు వస్తుంది. మనం కట్టే నూలు బట్ట వెనుకా నీటి లెక్క ఉంది: ఒక టీషర్టుకు కావలసిన పత్తి పండించి, బట్ట తయారు చేయడానికి సుమారు 2,700 లీటర్ల నీరు పడుతుందని అంచనా. ఒక చీరను ఇంకో నాలుగేళ్లు ఎవరైనా కడితే ఒక పులి బతుకుతుందని నేను చెప్పబోవడం లేదు. లెక్క అంత సూటిగా ఉండదు. అయినా, అవసరం లేని పదో చీర కొనకుండా ఆగడానికి నాకు ఆ లెక్క చాలు.

నిజానికి అడవుల విషయంలో నా మొదటి కారణం పులి కాదు, పాలపిట్ట. దసరా నాడు దాన్ని చూస్తే శుభమని నగరంలో కొందరు పంజరంలో పెట్టి ఇంటింటికీ తెచ్చి డబ్బు అడుగుతారు. కూర్చున్నప్పుడు పాలపిట్ట మట్టి రంగుగానే కనిపిస్తుంది, రెక్క విప్పితేనే ఆ నీలం బయటపడుతుంది. మా గుమ్మం ముందుకు వచ్చిన దానికి రెక్కలు విప్పే వీలు లేకుండా దారం కట్టి ఉంది, తోక ఈకలు సగానికి విరిగి ఉన్నాయి. మన తెలంగాణ రాష్ట్ర పక్షి అది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడమే నేరం. పాలపిట్టను చూపినందుకు వాళ్లడిగే ఆ సొమ్మును ఆ ఏడాది నుంచి పక్షుల పునరావాసానికి పంపుతున్నాను. దసరాకు పాలపిట్టను చూడాలంటే ఊరి బయటి కరెంటు తీగల వైపు చూస్తాను. కనిపించని ఏడాదీ ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి పుట్టినరోజుకు నెహ్రూ జూలాజికల్ పార్కులో ఒక జంతువును దత్తత తీసుకుందామనుకుంటున్నాం. ఇది సంరక్షణ కిందికి వస్తుందా? ఇలాంటి విరాళాలకు, పాత బట్టలకు పన్ను మినహాయింపు ఉంటుందా?
– ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: దత్తత సొమ్ము ఆ జంతువు మేతకు, పోషణకు ఖర్చవుతుంది కనుక మంచి పనే, పిల్లవాడికి ఆసక్తి కలగడానికీ మంచి మార్గం. అయితే పంజరంలోని జంతువును పోషించడం వేరు, అడవిని నిలబెట్టడం వేరు. రెండూ కలిసిన సందర్భాలు లేకపోలేదు: హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల సహకారంతో ఇదే జూలో మూషిక జింకలను వృద్ధి చేసి అమ్రాబాద్ అడవుల్లో వదిలారు. పుట్టినరోజు నాడు అబ్బాయికి ఆ సంగతి కూడా చెప్పండి. మీ ఇంటికి దగ్గరలోనే ఉన్న మహావీర్ హరిణ వనస్థలికి ఉదయం పూట తీసుకువెళ్లి కృష్ణజింకలను చూపించండి.

పన్ను మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చే విరాళానికే వర్తిస్తుంది, బట్టలకు, వస్తువులకు వర్తించదు. అది కూడా గుర్తింపు పొందిన సంస్థకు ఇచ్చినప్పుడే; నోట్ల రూపంలో 2,000 రూపాయలు మించి ఇస్తే లెక్కలోకి రాదు కనుక చెక్కు ద్వారా గానీ ఆన్‌లైన్‌లో గానీ పంపి రసీదు తీసుకోండి. కొత్త పన్ను విధానం ఎంచుకున్న వారికి ఈ మినహాయింపు లేదు.