సోవియట్ అజర్‌బైజాన్‌లోని కరబాఖ్‌లో 70 ఏళ్లు కలిసున్న ఆర్మేనియన్లు, అజర్‌బైజానీలు 1988లో ఎందుకు కొట్టుకున్నారు? – సమాధానం

ఈ గొడవపై వ్యాసం రాస్తూ ఆగిపోయానన్నారు. ఆర్మేనియన్లు క్రైస్తవులు, అజర్‌బైజానీలు ఎక్కువగా షియా ముస్లింలు కాబట్టి మతమే కారణం అనుకోవడం వల్లే అది ముందుకు కదలడం లేదు. షియా దేశమైన ఇరాన్ క్రైస్తవ ఆర్మేనియాతో స్నేహంగానే ఉంది కదా.

1. 1923లో, ఆర్మేనియన్లు ఎక్కువగా ఉన్న నగోర్నో కరబాఖ్‌ను అజర్‌బైజాన్‌లో స్వయంప్రతిపత్తి ప్రాంతం చేశారు.

2. చాలామంది వదిలేసేది ఇదే: హోదాల తేడా. 1977 సోవియట్ రాజ్యాంగం విడిపోయే హక్కును 15 యూనియన్ రిపబ్లిక్‌లకే (అజర్‌బైజాన్, ఆర్మేనియా లాంటి పై స్థాయి రాష్ట్రాలకే) ఇచ్చింది. వాటి లోపలి ప్రాంతాలకు సొంత సభ ఉండేది, ఆ హక్కు మాత్రం లేదు. 1988 ఫిబ్రవరి 20న కరబాఖ్ సభే తమ ప్రాంతాన్ని ఆర్మేనియాలో కలపమని తీర్మానించింది. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు ఈ రిపబ్లిక్‌ల మధ్య ఉన్న లోపలి గీతలే దేశాల సరిహద్దులయ్యాయి. జార్జియాలోని అబ్ఖాజియా, రష్యాలోని చెచెన్యాల్లోనూ చిక్కు ఇక్కడే మొదలైంది.

3. 1988 ఫిబ్రవరి నెలాఖరులోనే అజర్‌బైజాన్ నగరం సుమ్‌గయిత్‌లో ఆర్మేనియన్లపై దాడులు. తర్వాత రెండు వైపులా భయం, వలసలు.

వ్యాసం రెండో పాయింట్‌తో మొదలుపెట్టండి.