ముగ్గురు కూడితేనే లేచే బొమ్మ: పిల్లల మాటపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బాబు చదివేది ఒడియా బడిలో. వాడికి ఏడేళ్ళు. మాటలు బాగానే వచ్చు, రైళ్ళ పేర్లూ స్టేషన్ల వరుసా తప్పు పోకుండా చెబుతాడు. కానీ తోటి పిల్లలతో కలవడు, మనం ఏదైనా అడిగితే ఆ ప్రశ్ననే తిరిగి అంటాడు. ఆటిజం అని విశాఖపట్నంలో నిర్ధారించారు. రెండు భాషలు కలగలిసినందువల్లే ఇలా అయిందని, తెలుగు మానిపించమని బంధువులు అంటున్నారు. స్పీచ్ థెరపిస్టు మాత్రం వాణ్ణి లెగో బ్లాకులతో, అంటే ఒకదానిలో ఒకటి బిగించే ప్లాస్టిక్ ముక్కలతో, బృందంగా ఆడించే తరగతిలో చేర్చమంటున్నారు. ఆ బ్లాకులతో వాడు ఇంట్లో గంటల తరబడి ఒక్కడే ఆడుకుంటూనే ఉంటాడు కదా, మళ్ళీ దానికి డబ్బు కట్టడం ఎందుకు?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి ఒక్కడే ఆడుకుంటాడన్న మాటలోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది. ఇంట్లో వాడికి ఏ ముక్క కావాలన్నా చేయి చాపితే అందుతుంది, ఎవరినీ అడగనక్కరలేదు. థెరపీ తరగతిలో అవే బ్లాకులు ఉంటాయి గాని, పని మాత్రం ముగ్గురి మధ్య పంచి ఉంటుంది. ఒకరు ఇంజనీరు. బొమ్మ ఎలా కట్టాలో చూపే పటం అతని దగ్గరే ఉంటుంది, అయితే అతను బ్లాకులను ముట్టుకోకూడదు. రెండోవాడి దగ్గర ముక్కల డబ్బా ఉంటుంది, పటం కనబడదు. మూడోవాడు మేస్త్రి. అందిన ముక్కను చెప్పిన చోట బిగించడం అతని పని. ఎనిమిది బొడిపెల ఎర్ర ముక్క కావాలని ఇంజనీరు నోరు తెరిచి అడగనిదే డబ్బా దగ్గరి పిల్లవాడు ఏదీ ఇవ్వలేడు. దానిని పసుపు ముక్క మీద, ఈ చివర రెండు బొడిపెలు వదిలి అడ్డంగా పెట్టమని చెప్పనిదే మేస్త్రి చేయి కదలదు. కొంతసేపటికి వంతులు మారతాయి. మాట్లాడమని ఎవరూ బతిమాలరు, మాట లేకపోతే బొమ్మ ముందుకు సాగదు, అంతే.

అమెరికాకు చెందిన మనస్తత్వ నిపుణుడు డేనియల్ లెగాఫ్‌కు ఈ ఆలోచన తన గది బయట కూర్చున్న పిల్లలను చూసినప్పుడు వచ్చింది. మామూలుగా ఎవరితోనూ కలవని ఇద్దరు మగపిల్లలు ఇళ్ళ నుంచి తెచ్చుకున్న లెగో బొమ్మల గురించి ఒకరితో ఒకరు ఉత్సాహంగా మాట్లాడుకోవడం ఆయన గమనించారు. ఈ పద్ధతిపై ఆయన తొలి అధ్యయనం 2004లో అచ్చయింది. పిల్లవాడికి ఉన్న ఇష్టాన్ని జబ్బులో భాగమని తీసిపారేయకుండా, దాన్నే పదిమందిలోకి వచ్చే దారిగా వాడుకోవడం ఆయన చూపిన తెలివి అని నా అభిప్రాయం. మీ వాడికి రైళ్ళంటే ప్రాణం కాబట్టి మొదటి బొమ్మగా రైలు పెట్టెను కట్టించమని థెరపిస్టును అడగండి.

ఇలాంటి పిల్లలకు గుజ్జనగూళ్ళు ఎందుకు పట్టుబడవో ఆలోచిస్తే ఈ ఆట ఎందుకు పనిచేస్తుందో తెలుస్తుంది. గుజ్జనగూళ్ళలో ఇసుక ఒక నిమిషం అన్నం అవుతుంది, మరు నిమిషం చక్కెర అవుతుంది. ఇప్పటిదాకా అత్తగా ఉన్న పిల్ల ఎవరికీ చెప్పకుండానే కోడలైపోతుంది, అది మిగిలినవారికి చెప్పకుండానే అర్థమైపోవాలి. ఆటిజం ఉన్న పిల్లలు తడబడేది సరిగ్గా ఆ చెప్పని చోటే. బ్లాకుల ఆటలో నియమాలు మాటల్లో చెప్పి, కాగితం మీద రాసి, కళ్ళ ముందే ఉంటాయి. ఎవరి పని ఏమిటో మెడలోని కార్డు చెబుతుంది. ముక్క సరైన చోట పడిందా లేదా అన్నది ఎదుటివారి ముఖం చదివి ఊహించనక్కరలేదు, బొమ్మను చూస్తేనే తెలిసిపోతుంది.

ప్రశ్నను తిరిగి అనడం గురించి కూడా ఒక మాట. మన తెలుగులో ఇచ్చేది ఎవరో క్రియ చివరే చెబుతుంది. "ఇస్తావా?" అని అడిగితే "ఇస్తాను" అనాలి. విన్న మాటను విన్నట్టే అప్పజెప్పే పిల్లవాడు "ఇస్తావా" అనే అంటాడు, నేను, నువ్వు తారుమారవుతాయి. పుస్తకం ముందు పెట్టి దీన్ని సరిదిద్దబోతే పాఠం మాత్రం అప్పజెబుతాడు. ఈ ఆటలో గంటలో ఎన్నోసార్లు ఒకసారి అడిగేవాడిగా, ఒకసారి ఇచ్చేవాడిగా కూర్చోవలసి వస్తుంది, ఆ రెండు రూపాలూ నిజమైన అవసరంలో నోట పలుకుతాయి. మీద, కింద, పక్కన, మధ్యలో, ఇంకా పొడుగుది, అది కాదు ఇది అనే మాటలకూ ఇంత సాధన మరో చోట దొరకడం కష్టం.

ఇక రెండు భాషల సంగతి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, ఉన్నది ముదరదు. ఇంట్లో తెలుగు మానేస్తే వాడికి అమ్మతో, అమ్మమ్మతో ఉన్న కాస్త సంభాషణా తెగిపోతుంది తప్ప ఒడియా మెరుగుపడదు. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పాఠపుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి గారు పనిచేసిన ఊరు మీది. ఇంటి భాష విలువ గురించి పర్లాకిమిడి వారికి నేను వేరుగా చెప్పవలసిన పని లేదు. బృందంలో ఒడియా పిల్లలు కూడా ఉంటే ఆటకు కావలసిన పది, పదిహేను మాటలను ముందుగానే రెండు భాషల్లో గోడ మీద రాసి పెట్టమనండి. మీద అంటే ఉపరే, కింద అంటే తళే అని పిల్లలే పెద్దల కన్నా ముందు పట్టేస్తారు.

ప్రశ్న: నేను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిని. మా తరగతిలో ఇలాంటి పిల్లలు ఇద్దరున్నారు. వారానికోసారి థెరపీ కోసం దూరం వెళ్ళే స్తోమత ఆ కుటుంబాలకు లేదు. ఈ ఆటను నేనే బడిలో నడపవచ్చా? ఎన్నాళ్ళు నడపాలి? ఎంత మార్పు ఆశించవచ్చు?
– ఒక ఉపాధ్యాయుడు, రాయగడ

జవాబు: నడపవచ్చు మాస్టారూ, అయితే ముందుగా ఒక స్పీచ్ థెరపిస్టు దగ్గర రెండు మూడుసార్లు కూర్చుని చూసి మొదలుపెట్టండి. బ్రిటన్‌లో 7 నుంచి 15 ఏళ్ళ మధ్య వయసున్న 250 మంది ఆటిజం పిల్లలతో జరిపి 2023లో ఫలితాలు వెల్లడించిన పెద్ద అధ్యయనంలో ఈ ఆటను నడిపింది శిక్షణ పొందిన బడి సిబ్బందే. 12 వారాల పాటు వారానికోసారి ఆడించారు. తోటివారితో మెలిగే నేర్పులో మార్పు కనిపించింది గాని, అది చిన్న మార్పే. అంతకు ముందు, 2008లో వెలువడిన కేంబ్రిడ్జి అధ్యయనంలో 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలను వారానికో గంట చొప్పున 18 వారాలు ఆడించి, మాటల వాడకం నేర్పే మరో కార్యక్రమంతో పోల్చి చూశారు. తోటివారితో కలిసే విషయంలో బ్లాకుల బృందమే కాస్త ముందు నిలిచింది. ఈ పరిశోధనలు ప్రధానంగా కొలిచింది పిల్లలు ఇతరులతో మెలిగే తీరునే తప్ప పదసంపదను కాదు, కనుక మూడు నెలల్లో పిల్లవాడు గలగలా మాట్లాడేస్తాడని తల్లిదండ్రులకు మాట ఇవ్వకండి. భోజనం గంటలో పక్కవాడి కంచం దగ్గరకు తానుగా వెళ్ళి కూర్చున్నాడా, ఆటస్థలంలో ఎవరినైనా తానుగా పలకరించాడా అన్నవి రాసిపెట్టుకోండి. లెగాఫ్ కూడా పిల్లవాడు తానుగా తోటివారిని పలకరించడాన్నే మొదట లెక్కపెట్టారు.

ఆ ఇద్దరికీ మరో ఒకరిద్దరు ఓర్పు గల పిల్లలను కలపండి. తరగతిలో మొదటి ర్యాంకు వచ్చే పిల్లవాణ్ణి మాత్రం కలపవద్దు, అందరి పనీ అతనే చేసేస్తాడు. విరగ్గొట్టినవారే తిరిగి కట్టాలి, ఎవరి చేతిలో ఉన్నదైనా కావాలంటే అడిగి తీసుకోవాలి, అరవకూడదు, ఆట అయ్యాక అన్నీ డబ్బాలో సర్దాలి అన్నంతవరకే నియమాలు చాలు. బొమ్మ మొదట పది పన్నెండు ముక్కలు దాటకూడదు. నేను నా మొదటి బృందానికి ముచ్చటపడి పెద్ద కోట పటం ఇచ్చాను. అది సగానికి రాకముందే పిల్లలు విసిగిపోయి ముక్కలు విసురుకున్నారు, మిగిలిన కోటను నేనే కట్టాను. అంతకన్నా పెద్ద తప్పు, ప్రతి తగవులోనూ నేనే తీర్పు చెప్పడం.

ఉపాధ్యాయులకు ఇదే కష్టమైన భాగమని నా అనుభవం. తప్పు ముక్క అందిందని మీకు కనబడుతుంది, నోటి చివరిదాకా వస్తుంది, అయినా ఆగాలి. పది లెక్కపెట్టేంతసేపు చూసి, ఎవరికీ తట్టకపోతే, "ఇక్కడేదో తేడా వచ్చింది, ఎవరు చూశారు?" అని మాత్రం అడగండి. జవాబు మీరు ఇవ్వకూడదు. ఒకరు మరొకరికి సాయపడితే ఆ క్షణంలోనే, ఏం చేశాడో చెప్పి మెచ్చుకోండి.

కంపెనీ లెగోయే కావాలనేమీ లేదు. గట్టిగా బిగిసి, మళ్ళీ సులువుగా ఊడే బ్లాకులు ఏవైనా చాలు. 2021 జనవరి నుంచి మన దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి, కొనేటప్పుడు అది చూడండి. ఒకే రకం ముక్కలను పెట్టె నిండా కొనడం కన్నా, రంగూ పొడవూ వేరువేరుగా ఉన్నవి కొన్ని కొంటే పిల్లలు వర్ణించి అడగక తప్పదు. పటం పుస్తకం లేకపోతే మీరే ఒక బొమ్మను కట్టి, ఒక్కో మెట్టునూ ఫోనుతో ఫోటో తీసి అచ్చు వేయించండి.

ప్రశ్న: మా మనవరాలికి మూడేళ్ళు నిండాయి. "అమ్మ", "తాత" తప్ప మాటలు లేవు. ఈ బ్లాకులు కొని ఆడిస్తే మాటలు వస్తాయని ఒకరు చెప్పారు. నిజమేనా?
– ఒక తాతగారు, సిరొంచ

జవాబు: అయ్యా, ఈ బృందపు ఆట ఆ పాప కోసం కాదు. చెప్పింది విని ఒక ముక్కను గుర్తించగలిగి, కొంతైనా అడగగలిగిన పిల్లలకే ఇది పనికివస్తుంది. పాపకు ముందుగా కావలసింది వినికిడి పరీక్ష. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుంది కదా అని దాన్ని వాయిదా వేయకండి, కొన్ని స్థాయిల శబ్దాలు మాత్రమే వినిపించే పిల్లలూ పిలుపుకు తిరుగుతారు. పాప నిద్రపోతుండగా శబ్దానికి మెదడు స్పందిస్తోందో లేదో చూసే బెరా పరీక్ష ఉంది, నొప్పి ఏమీ ఉండదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు వచ్చే వైద్య బృందానికి పాపను చూపించి, జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే డీఈఐసీకి, చీటీ రాయించుకోండి. అక్కడ రుసుము ఉండదు. గడ్చిరోలి దూరమనిపిస్తే ప్రాణహిత దాటి ఆవలి ఒడ్డున చేయించినా సరే, ఈ నెల దాటనివ్వకండి.

ఈలోగా బ్లాకులు కొనాలనిపిస్తే పాప పిడికిలి నిండేంత పెద్దవే కొనండి, చిన్నవి గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. డబ్బా మీ ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే చూపుతూ ఆగండి. పాప మీ వైపు చూసినా, చేయి చాపినా, "ఆఁ" అన్నా అదే అడగడంగా తీసుకుని, "ఎర్రది కావాలా? ఇదిగో, ఎర్రది" అని చేతికి ఇవ్వండి.