ఆక్సిజన్ ఉండగా సీప్యాప్ ఎందుకు?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. సీఓపీడీకి (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు) ఇన్‌హేలర్లు వాడుతున్నాను, రాత్రిళ్లు ఆక్సిజన్ పెట్టుకుంటాను. ఈమధ్య స్లీప్ టెస్ట్ చేసి స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం) కూడా ఉందని సీప్యాప్ మెషిన్ ఇచ్చారు. ఆ మాస్క్ పెట్టుకుంటే ఊపిరాడనట్టు ఒకటే టెన్షన్, అర్ధరాత్రి పీకి పక్కన పడేస్తున్నాను. బదులుగా ఆక్సిజనే కాస్త పెంచుకుంటే సరిపోదా? పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉంటోంది.

జవాబు: సరిపోదండి, పైగా ప్రమాదం. నిద్రలో మీ గొంతు కండరాలు వదులై గాలి దారే మూసుకుపోతోంది; మూసుకున్న దారిలోకి ఎంత ఆక్సిజన్ పంపితే ఏం లాభం? ఆ దారిని గాలి ఒత్తిడితో తెరిచి ఉంచేది సీప్యాప్. ఊపిరితిత్తులు బాగున్నవాళ్లకు శ్వాస ఆగి మళ్లీ మొదలవగానే ఆక్సిజన్ త్వరగా కోలుకుంటుంది, మీకు అసలే తక్కువ కాబట్టి ఇంకా లోతుకు పడిపోతుంది, ఏళ్ల తరబడి ఇలా సాగితే గుండె కుడివైపు భారం పడుతుంది. ఈ జంట జబ్బుకు 1985లో ఫ్లెన్లీ అనే డాక్టరు ఓవర్‌ల్యాప్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీ తల దిమ్ము. రాత్రి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే అలా ఉండొచ్చు, ఆక్సిజన్ ఇష్టమొచ్చినట్టు పెంచితే అది ఇంకా పెరగొచ్చు. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్‌లో ఇది కనబడదు, ధమని నుంచి రక్తం తీసి చేసే ఏబీజీ పరీక్ష చేయించాలి. ఎక్కువగా ఉందని తేలితే బైప్యాప్‌కు (గాలి పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి ఇచ్చే మెషిన్) మారుస్తారేమో. సీఓపీడీలో ఇలా కార్బన్ డయాక్సైడ్ పేరుకునే భయం ఉన్నవాళ్లకు మామూలుగా రక్తంలో ఆక్సిజన్ స్థాయి 88 నుంచి 92 శాతం ఉంటే చాలంటారు, మీ లెక్క మీ డాక్టరే చెప్పాలి. సీప్యాప్ ట్యూబులోకే ఆక్సిజన్ కలపొచ్చు కూడా, అదీ ఆయన్నే అడగండి.

ఇక మాస్క్ గొడవ. పడుకునేటప్పుడే కాదు, సాయంత్రం టీవీ చూస్తూ ఓ పావుగంట పెట్టుకుని అలవాటు చేసుకోండి. ముక్కు దూలం దగ్గర గాలి కారి కళ్లలోకి కొడుతుంటే అందరూ చేసే తప్పు పట్టీలు బిగించడం, దాంతో చర్మం కందుతుంది తప్ప కారడం ఆగదు. పడుకుని, మెషిన్ ఆన్‌లో ఉండగానే మాస్క్‌ను కాస్త ముందుకు లాగి వదలండి, సర్దుకుంటుంది. గొంతు ఎండిపోతుంటే గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయర్ పెట్టించండి. నిద్ర పట్టడం లేదని నిద్రమాత్రలు, మద్యం మాత్రం వద్దు, గొంతు ఇంకా వదులవుతుంది.

పగలు మగతగా, అయోమయంగా ఉన్నా, పాదాలు వాచినా అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకండి.