దాయిరా మీర్ మోమిన్‌లో ఎవరెవరి సమాధులున్నాయి?

హైదరాబాద్ పాతబస్తీలోని ఈ శ్మశానంలో ముందు చెప్పుకోవాల్సింది మీర్ మోమిన్ గురించే. ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చి మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు పేష్వా, అంటే ప్రధాని అయ్యాడు. 1591లో చార్మినార్ చుట్టూ మొదలైన నగరానికి ప్లాన్ ఆయనదే అంటారు. ఇమామ్ హుసేన్ అమరుడైన కర్బలా నుంచి మట్టి తెప్పించి ఈ నేలలో కలిపించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. షియాలకు ఈ చోటంటే అంత గురి అందుకే.

తర్వాత సాలార్‌జంగ్‌లు. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883లో పోయేదాకా నిజాంల దగ్గర దివాన్, అంటే ప్రధాని. సాలార్‌జంగ్ మ్యూజియంలో జనం గుమిగూడి చూసే ముసుగు రెబెకా విగ్రహాన్ని 1876లో కొన్నది ఆయనే. పల్చటి మేలిముసుగు, లోపల ముఖం, రెండూ ఒకే పాలరాయి! మిగతా సరుకు చాలావరకు మనవడు మూడో సాలార్‌జంగ్ పోగేసింది. పెళ్లి చేసుకోలేదు, 1949లో పోయాడు. తాతా మనవడూ ఇక్కడే ఉన్నారు.